నూట పదహారో నంబరు తాబేలు

గార్లదిన్నె,
12 జూలై 1980.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి, శ్రీయుత రామకృష్ణయ్యగారికి,

1937 జూన్ పద్నాలుగో తేదీ ఉదయం అనంతపురం స్టేషనులో ఒకడు ట్రంకు పెట్టె మీద కూర్చుని ఎదురుచూశాడు. మద్రాసు పోవలసిన బండి వచ్చింది, ఆగింది, పోయింది. ఇద్దరం కలిసి మద్రాసు వెళ్ళి జంతుశాస్త్రం చదవాలని, ఒకడు రాకపోతే రెండోవాడు బండి ఎక్కకూడదని, కాలేజీలో సీసాలో పెట్టిన కప్ప మీద చెయ్యి వేసి ప్రమాణం చేయించింది మీరే. ఆ కప్ప సీసా దాటి ఎక్కడికీ పోలేదు. మాట తప్పింది మీరు.

మీరు మీ నాయన అంగట్లో కూర్చున్నారు. నేను రెండేళ్ళు మా నాయన మగ్గం పక్కన కూర్చుని, ఆ తర్వాత రైల్వేలో గుమాస్తానై, ముప్పై ఎనిమిదేళ్ళు పట్టాల కింది స్లీపర్లు లెక్కపెట్టి రిటైరయ్యాను. ఈ నలభై మూడేళ్ళలో మీకు ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది స్నేహం కొద్దీ కాదు, శాస్త్రం కొద్దీ.

మా ఊరి బయట తూర్పు బీడులో నక్షత్ర తాబేళ్ళు ఉండేవి. రెండేళ్ళుగా ఆ బీడంతా దున్ని శెనక్కాయ వేశారు. తాబేళ్ళు బతకడానికి పడమటి గుట్ట వైపు కదులుతున్నాయి. మధ్యలో రైలు లైను. పాత మీటర్ గేజీ పట్టా పొట్టిది, ఎలాగో ఎక్కి దాటేవి. ఇప్పుడు పక్కనే వేస్తున్న బ్రాడ్ గేజీ పట్టా ఎత్తు. రైలు గేటు దగ్గర దారి సమంగా ఉన్నచోట పట్టాల లోపలికి వచ్చిన తాబేలు అటూ ఇటూ ఎక్కలేక, రెండు పట్టాల నడుమ అలా నడుస్తూనే ఉంటుంది. కొత్త లైను మీద ఇంకా పాసింజరు నడవలేదు గానీ తాబేళ్ళు నడుస్తున్నాయి.

కిలోమీటరు రాళ్ళకు వేయగా మిగిలిన తెల్లరంగుతో వాటి వీపుల మీద అంకెలు వేశాను. ఇప్పటికి నూట పదహారు అయ్యాయి. ఈ సంగతి ఒక లెక్చరరుకు చెబితే నవ్వాడు. ఆయన డాక్టరేటు పుచ్చుకున్న చేప ఈ జిల్లా నీళ్ళలో లేదు, ఈ జిల్లాలో నీళ్ళూ లేవు. ఒక పత్రికకు వ్యాసం పంపితే పిల్లల పేజీకి కుదించి పంపమన్నారు.

అనంతపురం దాకా ప్రతి గేటుమన్‌కూ చెప్పిపెట్టాను. ధర్మవరంలో ఇప్పుడు నాకు తెలిసినవారు మీరొక్కరే కావడం నా దురదృష్టం. వీపు మీద అంకె ఉన్న తాబేలు కనిపిస్తే అంకె, తేదీ, చోటు రాసి కార్డు వేయండి. మిగతా విషయాలు అక్కరలేదు.

ఇట్లు,
వై. గంగాధరప్ప


ధర్మవరం,
19 జూలై 1980.

గంగాధరా,

నీ ఉత్తరం చదువుతున్న నా మొహం చూసి మా ఇంటావిడ కన్యకమ్మ, "ఎవురు పోయినారు?" అని అడిగింది. ఎవరూ పోలేదని, ఒకడు తిరిగొచ్చాడని చెప్పాను.

మిగతా విషయాలు అక్కరలేదన్నావు. అయినా రాస్తాను. నాకు మోకాళ్ళ నొప్పులు. పళ్ళు పై వరుసలో నాలుగున్నాయి. నీవు మీరు మీరు అని రాస్తే చెప్పులో రాయి పడినట్టుంది. జూన్ పద్నాలుగో తేదీ గురించి నేనూ ఒకటి చెప్పవలసి ఉంది, ఎప్పుడైనా రాస్తాను. ఇప్పుడు తాబేళ్ళు.

నంబరు 41: పదిహేడో తేదీ, గురువారం సాయంత్రం, మా పెరట్లో బట్టలుతికే బండ దగ్గర.

నంబరు 58: అదే రోజు, అదే చోటు. ఇది టమోటా ముక్కలు ఇష్టంగా తింటుంది.

అబద్ధం కాదు, నా కళ్ళతో చూసి రాస్తున్నాను. మా గుమాస్తా కుళ్ళాయప్ప నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. చీరల బుట్టతో వారం వారం గుంతకల్లు పోయి గురువారం తిరిగి వస్తాడు. మీ స్టేషనులో ఎదురుబండి క్రాసింగు కోసం బండి చాలాసేపు ఆగుతుందట. మీ వాళ్ళు మంచివాళ్ళని చెప్పాడు.

తొందరగా జవాబు రాయి. ఇంకా తాబేళ్ళు కనిపిస్తాయనే నా నమ్మకం.

నీ
రామకృష్ణయ్య


గార్లదిన్నె,
9 ఆగస్టు 1980.

రామకృష్ణయ్యా,

నీ కార్డులు మూడూ అందాయి. రాత్రి దీపం ఆర్పకుండా లెక్కలు వేశాను.

గ్యాంగ్‌మన్ ఆదెన్న 41ని పదహారో తేదీ బుధవారం సాయంత్రం మా గేటు దగ్గర చూశాడు. నా పుస్తకంలో వేలిముద్ర వేశాడు. గురువారం సాయంత్రానికి అది నీ పెరట్లో ఉంది. యాభై అయిదు కిలోమీటర్లు. గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు, నిద్ర లేకుండా, తిండి లేకుండా. నేను చదవని గ్రంథం లేదు, ఇంగ్లీషువాళ్ళు రాసినవీ చదివాను. తాబేలుకు ఈ వేగం ఎవరూ రాయలేదు. ఎక్కడా అడ్డం లేని దారి దొరికితే తాబేలు ఎంత దూరమైనా పోతుందని నేను నిరూపించబోతున్నాను. ఇంకొక విశేషం. నీ లెక్క ప్రకారం అన్ని తాబేళ్ళూ గురువారమే ధర్మవరం చేరుతున్నాయి. దీనికి చంద్రుడితో ఏమైనా సంబంధం ఉందేమో చూస్తున్నాను.

ఆదెన్నను పిలిచి అడిగాను, ఇవి ఇంత వేగంగా పోవడం నీవెప్పుడైనా చూశావా అని. తల గోక్కున్నాడు. "పోతాండాయి సామీ. యాడికి పోతాండాయో నన్నడిగితే ఎట్ల?" అన్నాడు. చదువులేని వాడు. అయినా ఆ లెక్చరరు కంటే జాగ్రత్తగా మాట్లాడాడు.

ఇక అసలు సంగతి. ఇది నవ్వే విషయం కాదు. నిన్న రెండు గేట్ల నడుమ కొత్త లైను వెంట నడిచాను. పందొమ్మిది చిప్పలు. ఎండకు కాలిన కంకర మీద, పట్టాకు ముట్టె ఆనించి, గుట్ట వైపే చూస్తూ చచ్చిపోయాయి. పదకొండు నేను అంకె వేసినవే. రెండు స్లీపర్ల నడుమ జానెడు లోతు కంకర తోడి వదిలితే చాలు, పట్టా కిందుగా దూరి వెళ్ళిపోతాయి. డిసెంబరులో కంకర గట్టిగా కుక్కి లైను అప్పగించేస్తారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకునే అధికారం ఎవరికీ ఉండదు. అంతలోపల ఇంజినీరు శ్రీరంగప్ప చేత ఆర్డరు వేయించాలి. నా జీవితంలో నేను చేసిన చదువు ఇదొక్కటే. నీ లెక్కలే నాకు ఆధారం.

గంగాధరప్ప


ధర్మవరం,
21 సెప్టెంబరు 1980.

గంగాధరా,

నీ ఉత్తరాలు కన్యకమ్మకు చదివి వినిపిస్తున్నాను. పందొమ్మిది చిప్పల దగ్గర ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

116 వచ్చింది. గురువారం సాయంత్రం. శుక్రవారం ఉదయం అంగడి తెరిచేసరికి గల్లాపెట్టె కింద కూర్చుని ఉంది. ఇక్కడ వ్యాపారస్తులు అంగట్లో తాబేలు ఉంటే మంచిదని నమ్ముతారని నీకు తెలుసు. అలాంటిది, పెళ్ళిలో చదివించే అంకె, పురోహితుడి చేతిలో పెట్టే అంకె వీపు మీద రాసుకుని తాబేలు తనంతట తాను నడిచివస్తే ఏమవుతుందో ఆలోచించు. మధ్యాహ్నానికి మా వీధిలో చెప్పులు పెట్టే చోటు లేదు. మగ్గాలవాళ్ళు వచ్చి పసుపు పూశారు. ఎదురంగడి మల్లికార్జునయ్య ఇరవై ఏళ్ళుగా నాతో మాట్లాడడు. వచ్చి, "ఏమప్పా, ఒక్క దినం మా అంగట్లో కూచోబెట్టుకుంటా, ఇయ్యి" అని చేతులు పట్టుకున్నాడు. ఇవ్వలేదు. ఆ అంకె వేసింది గార్లదిన్నె గుమాస్తా అని చెబుదామనుకున్నాను. జనం మొహాలు చూసి నోరు రాలేదు.

ఒక మనవి. ఆ వేగం గురించి తొందరపడి ఎవరికీ రాయకు. తాబేలుకు కాళ్ళు కాక వేరే ఆధారాలు కూడా ఉండవచ్చు.

నీ
రామకృష్ణయ్య


గార్లదిన్నె,
20 అక్టోబరు 1980.

శ్రీయుత రామకృష్ణయ్యగారికి,

మీ మనవి చేరేలోపలే నా నివేదిక ఇంజినీరుకు చేరింది. ముప్పై రెండు పేజీలు. చివర మీ లెక్కలతో వేగాల పట్టిక. ఆయన జవాబు ఇంగ్లీషులో వచ్చింది, మీ కోసం తెలుగులో పెడుతున్నాను.

"అయ్యా, మీ శ్రమకు ధన్యవాదాలు. కొత్త లైను తాబేళ్ళకు అడ్డంకి అని మీ మొదటి పేజీ. అదే లైను మీద అవి ఒక రోజులో యాభై అయిదు కిలోమీటర్లు ప్రయాణించాయని మీ చివరి పేజీ. మా పాసింజరు బండి కూడా కొన్ని రోజులు ఇంత బాగా నడవదు. లైను తాబేళ్ళకు ఇంత సౌకర్యంగా ఉన్నందుకు సంతోషం. మార్పులేవీ అవసరం లేదని భావిస్తున్నాను."

మూడుసార్లు చదివాను. తర్కంలో తప్పు లేదు. నేనే ఆయన కుర్చీలో ఉంటే ఇదే రాసేవాణ్ణి. ఆఫీసులో ఈ జాబు చేతులు మారుతోందని, టైపిస్టులు కాపీలు తీసుకున్నారని విన్నాను. అది పరవాలేదు, రిటైరైన గుమాస్తాను చూసి ఆఫీసు నవ్వడం కొత్త కాదు. నిన్న మళ్ళీ నడిచాను. ఇంకా ఆరు చిప్పలు.

మీరు ఇకమీద తాబేళ్ళ గురించి రాయనక్కరలేదు. ఏ విషయం గురించీ రాయనక్కరలేదు.

ఇట్లు,
వై. గంగాధరప్ప


ధర్మవరం,
25 అక్టోబరు 1980.

గంగాధరా,

కోపంగా ఉన్నా చివరిదాకా చదువు.

తాబేళ్ళు రైల్లో వచ్చాయి. కొత్త లైను మీద కాదు, పాత లైను మీద, పాసింజరు బండిలో, చీరలు పెట్టే వెదురు బుట్టలో, కుళ్ళాయప్ప ఒళ్ళో. అందుకే అన్నీ గురువారమే. చంద్రుడికి సంబంధం లేదు.

మొదలుపెట్టింది నేను కాదు, మీ ఆదెన్న. పట్టాల నడుమ ఎండకు మాడుతున్న రెండు తాబేళ్ళను చూడలేక, క్రాసింగుకు ఆగిన బండి కిటికీలోంచి కుళ్ళాయప్పకు అందించాడట. "కొంచబోన్నా. ఈడుంటే సస్తాయి. నీళ్ళుండే తావులో ఇడువు" అన్నాడట. కుళ్ళాయప్ప తెచ్చి మా పెరట్లో విడిచాడు. అవే 41, 58. ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది.

అప్పుడే నిజం రాయవలసింది. కానీ నలభై మూడేళ్ళ తర్వాత వచ్చిన ఉత్తరం గంగాధరా. అందులో నీవు తాబేలు కనిపిస్తేనే రాయమన్నావు. అంటే తాబేలు వస్తే నేను రాయవచ్చు, నేను రాస్తే నీవు జవాబు రాస్తావు. తాబేలు రాకపోతే మళ్ళీ ఏమీ లేదు. అందుకని వచ్చే వారం అంకె ఉన్నవి ఇంకా దొరుకుతాయేమో చూడమని కుళ్ళాయప్పకు నేనే చెప్పాను. ఆ తర్వాత వారం కూడా చెప్పాను. ఇప్పుడు ధర్మవరంలో ప్రతి పట్టుచీరల అంగట్లో ఒక తాబేలు ఉంది. మొత్తం ఇరవై మూడు.

నీ చదువును నాశనం చేసింది నేనే. రెండోసారి.

మొదటిసారి సంగతి వేరే కాగితం మీద రాసి, దీనితోనే పెడుతున్నాను. నాలుగో పేజీ. చదివి చించేసెయ్.

రామకృష్ణయ్య

(నాలుగో పేజీ)

ఆ రోజు నేను స్టేషనుకు వచ్చాను. నా ట్రంకు కూడా వచ్చింది. పార్సిలాఫీసు పక్కన మీ నాయన నారాయణప్ప నిలబడి ఉన్నాడు. ధర్మవరం నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా దుమ్ము. నా చెయ్యి పట్టుకుని, "నాయనా రామకిష్టా, నా కండ్లు పోతాండాయి. పోగు తెగితే యాడ తెగిందో అగపడ్డంలే. వాడు పోతే మగ్గం నిల్సిపోతాది. నువ్వు ఎక్కకుంటే వాడూ ఎక్కడు, నాకు తెలుసు" అన్నాడు. నేను ట్రంకు కింద పెట్టాను. "నేనడిగినానని వానికి చెప్పాకు. వాడు నన్ను సూసే సూపు మారిపోతాది" అన్నాడు.

మాట ఇచ్చాను. బండి పోయేదాకా పార్సిలాఫీసు వెనకే కూర్చున్నాను. నీవు ట్రంకు మీద కూర్చుని తల తిప్పి తిప్పి చూడడం అక్కణ్ణించి కనిపించింది. ఆయన పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట కూడా తప్పాను.


గార్లదిన్నె,
3 నవంబరు 1980.

రామకృష్ణయ్యా,

నీ ఉత్తరం అందింది. వారం రోజులు అన్నం సయించలేదు. తాబేళ్ళ గురించే.

ఇంజినీరుకు రాశాను: నా పట్టికలో ఉన్నది తాబేలు వేగం కాదు, పాసింజరు వేగం, తప్పు నాదేనని. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఏ పై అధికారికీ ఇలాంటి వాక్యం రాయలేదు. ఆయనకు జాలి కలిగిందో, మళ్ళీ నవ్వాలనిపించిందో, నవంబరు ఇరవై గురువారం తోపుడు ట్రాలీ మీద లైను చూడడానికి వస్తూ ఇక్కడ పావుగంట ఆగుతానని కబురు పంపాడు. నేను చెప్పింది కళ్ళతో చూపించాలట.

చూపించడానికి నా దగ్గర తాబేళ్ళు లేవు. చచ్చినవి చచ్చాయి, బతికినవి మీ ఊరి గల్లాపెట్టెల కింద ఉన్నాయి. ఇరవై మూడూ ఆ రోజు పొద్దుటి బండికి పంపు. ఒక్కటి తగ్గినా ఊరుకోను.

గంగాధరప్ప


ధర్మవరం,
14 నవంబరు 1980.

గంగాధరా,

తెస్తున్నాను. చిక్కేమిటంటే, తాబేలును ఒంటరిగా పంపడానికి ఏ అంగడివాడూ ఒప్పుకోవడం లేదు. తామూ వస్తామంటున్నారు. మల్లికార్జునయ్యకు ఈమధ్యే 72 దక్కింది, అది కిటికీ పక్కన కూర్చుంటేనే పంపుతాడట. 116ని కన్యకమ్మ ఎవరి చేతికీ ఇవ్వదు, కాబట్టి ఆమె కూడా వస్తోంది.

నేను వస్తాను గానీ నీ ఎదుట పడతానో లేదో చెప్పలేను.

రామకృష్ణయ్య


గార్లదిన్నె,
24 నవంబరు 1980.

ఒరే రామకిష్టా,

నలభై మూడేళ్ళ తర్వాత కూడా నీవు స్టేషను దాకా వచ్చి పార్సిలాఫీసు వెనక దాక్కున్నావు. నీ పంచె అంచు నాకు కనిపించింది. గేటు దగ్గర ఏం జరిగిందో నీవు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. మీ వాళ్ళు చెప్పేది నమ్మకు, మల్లికార్జునయ్య ఇప్పటికే దాన్ని పురాణం చేసి ఉంటాడు.

బుట్టలు దించి ఇరవై మూడు తాబేళ్ళనూ కొత్త పట్టాల నడుమ విడిచాము. ఒక్కటి తప్ప అన్నీ గుట్ట వైపే తిరిగాయి. పట్టాకు ముట్టె ఆనించాయి. కాళ్ళెత్తి గీకాయి, జారాయి, వెల్లకిలా పడ్డాయి. ఇంజినీరు శ్రీరంగప్ప గొడుగు కింద నిలబడి గడియారం చూసుకుంటూ, ఇంకాసేపు ఆగితే ఎక్కుతాయేమో అన్నాడు. ఆగాము. ఎక్కలేదు. పావుగంట అయిపోయింది, చూద్దాంలే అని ట్రాలీ ఎక్కి తోయమన్నాడు.

ట్రాలీమన్లు నలుగురూ తోయలేదు. ట్రాలీకి ఎదురుగా, పట్టాల మధ్య, పసుపు కుంకుమలతో 116 కూర్చుని ఉంది. పెద్ద ట్రాలీమన్ ముత్యాలప్ప చెప్పులు విడిచి దండం పెట్టాడు. పక్కకు తీసిపెట్టవయ్యా అన్నాడు ఇంజినీరు. "నూట పదహారు సార్. నేనెట్ల ముట్టుకుందు? తలకు నీళ్ళన్నా పోసుకోల్యా" అన్నాడు ముత్యాలప్ప. ఇంజినీరు తనే దిగి ఎత్తబోయాడు. కన్యకమ్మ అడ్డం వచ్చి, "ఏం నాయనా, అన్నం తిన్న చెయ్యేనా అది, కడుక్కున్యావా?" అని అడిగింది. అంత పెద్ద అధికారి చేతులు వెనక్కి పెట్టుకోవడం నేను నా సర్వీసులో చూడలేదు.

అప్పుడు ఆదెన్న ఎవరినీ అడక్కుండా పార తెచ్చి, రెండు స్లీపర్ల నడుమ జానెడు లోతు కంకర తోడాడు. మొదట 41 ఆ గుంటలో దిగింది. పట్టా కిందుగా తల దూర్చింది. అవతల తేలింది. తర్వాత 58, ఆ తర్వాత 72. ఒకదాని వెనక ఒకటి, రేషను షాపు క్యూలో కూడా ఇంత మర్యాద ఉండదు. ఇరవై రెండూ పట్టా దాటి గుట్ట వైపు తుప్పల్లోకి పోయాయి. మల్లికార్జునయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు, అంగట్లో ఇక దాని చోటు ఖాళీ అని.

ఇంజినీరు జేబులోంచి పుస్తకం తీసి ట్రాలీ మీదే రాశాడు. రెండు గేట్ల నడుమ ప్రతి టెలిగ్రాఫు స్తంభం ఎదురుగా ఒక గుంట వదలాలి, కంకర కుక్కరాదు. కింద సంతకం. కాపీ నా దగ్గర ఉంది. వెళుతూ, మీరు ఏం చదివారని అడిగాడు. ఇంటర్ అన్నాను. నవ్వలేదు.

116 మాత్రం దాటలేదు. గుట్ట వైపు చూడనైనా లేదు. స్టేషను వైపు తిరిగి, పట్టాల నడుమ నీ పంచె ఉన్న దిక్కుకే నడవడం మొదలుపెట్టింది. మనిషి చేతి తిండి మరిగిన జంతువు తన దారి మరచిపోతుందని ఆ లెక్చరరుకు రాశాను. పేరు రాయకుండా నీ ఇంటి టమోటాలను ఉదహరించాను. కన్యకమ్మ దాన్ని నాకు అప్పగించి, బండి కదిలేదాకా దానికి జాగ్రత్తలు చెప్పింది. నాకు ఏమీ చెప్పలేదు. ఇక్కడ మంచి టమోటాలు దొరకవు. గురువారాలు కుళ్ళాయప్పతో పంపు. లేదా నీవే తీసుకురా. ఈసారి స్టేషనులో దాక్కుంటే ముత్యాలప్పతో ట్రాలీ మీద మోయించుకొస్తాను.

ఇంకొక సంగతి. నీవు పోయిన నెల రాసిన ఉత్తరంలో నాలుగో పేజీ అని ఒకటి ఉందన్నావు. ఉండవచ్చు. నిన్న పొద్దున నేను అద్దాలు వెతుక్కునేలోపల 116 మంచం కింద దాన్ని తినేసింది. అందులో ఏముందో నాకు తెలియదు, మళ్ళీ రాయకు. మా నాయన పటం గోడ మీద ఎక్కడుండేదో అక్కడే ఉంది. పొద్దునే దుమ్ము తుడిచాను. మోకాళ్ళ దాకా తుడిచాను.

కాబట్టి లెక్క పాతదే. 1937 జూన్ పద్నాలుగో తేదీ ఉదయం నేను బండి ఎక్కలేకపోయింది ఎవరి వల్లనని ఆ ఇంజినీరు అడిగినా, ఆదెన్న అడిగినా, మీ ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి అడిగినా, నేను ఇన్నేళ్ళూ చెప్పిన పేరే చెబుతాను. పోయేదాకా అదే చెబుతాను: ధర్మవరం పట్టుచీరల వ్యాపారి రామకృష్ణయ్య.